ఇసుక అడుగున తీపినీరు – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

సముద్రతీర వాసులకు కనుచూపు మేర నీరే కనిపిస్తుంది. అయినా అందులో గుక్కెడైనా త్రాగడానికి పనికిరాదు. ఒక లీటరు సముద్రజలంలో దాదాపు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. త్రాగునీటిలో కరిగిన పదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు, అనగా అర గ్రాముకు మించకుండుట మంచిదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. వేరొక ఆధారం లేనిచోట మాత్రమే 2 గ్రాముల వరకు అనుమతిస్తారు. కాబట్టి తీరప్రాంత ప్రజల జీవనం ఎదుటనున్న సముద్రంపై గాక, కాలి క్రింద నేలలో ఇంకిన వాననీటిపై ఆధారపడి ఉంటుంది. ఆ నీరు ఎక్కడ ఉన్నది, ఎంత ఉన్నది, ఎలా తీసుకుంటే చెడిపోకుండా నిలుస్తుంది అనే ప్రశ్నలు ప్రాణావసరమైనవి. తన ఉద్యోగ జీవితంలో ఈ ప్రశ్నలకు నేల మీద సమాధానం వెదకిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆనకట్టల నిర్మాతగా, మైసూరు దివానుగా, భారతరత్నగా విశ్వేశ్వరయ్య పేరు జగద్విదితం. కృష్ణరాజసాగరం, ఉస్మాన్‌సాగర్ అనగానే ఆయన గుర్తుకు వస్తారు. కాని మహా జలాశయాలు నిర్మించడానికి ఎంతో ముందే ఆయన ఇసుక అడుగున ప్రవహించే నీటిని పట్టుకొని పట్టణాల దాహం తీర్చే విద్యలో ఆరితేరారు. అంతగా ప్రచారంలోనికి రాని ఆ కృషి నేటి తీరప్రాంతాలకు గొప్ప పాఠం.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబర్ 15న నాటి మైసూరు సంస్థానంలో చిక్కబళ్ళాపురం సమీపానగల ముద్దేనహళ్ళి గ్రామంలో జన్మించారు. తల్లి వెంకటలక్ష్మమ్మ, తండ్రి శ్రీనివాసశాస్త్రి. వారి పూర్వీకులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామస్థులు. ఆ కుటుంబం మైసూరు సీమకు వలసపోయినా ఇంటిపేరులో ఆ తెలుగు గ్రామం నిలిచిపోయింది. ముద్దేనహళ్ళి పరిసరాలు మెట్ట ప్రాంతాలు. ఏడాది పొడవునా పారే పెద్ద నది అక్కడ లేదు. చెరువులు, బావులే ప్రజలకు ఆధారం. వాన కురిస్తే పంట, లేకుంటే కరువు అన్న సత్యం ఆ నేలమీద పుట్టిన వారికి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు.

విశ్వేశ్వరయ్యకు చిన్నతనంలోనే పితృవియోగం కలిగింది. కుటుంబ ఆర్థిక పరిస్థితి అంతంత మాత్రం. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించి ఆయన బెంగుళూరు చేరారు. ఒక కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెబుతూ, ఆ వచ్చిన సొమ్ముతో సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో పట్టభద్రులయ్యారు. పిదప మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనాలోని విజ్ఞాన కళాశాలలో ఇంజనీరింగు విద్య అభ్యసించారు. 1883లో జరిగిన చివరి పరీక్షలో ప్రథమ స్థానం సాధించారు. ఆ ప్రతిభను గుర్తించి బొంబాయి ప్రభుత్వం 1884లో ఆయనను ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా నియమించింది.

నాసిక్, ఖాందేశ్, పూనా ప్రాంతాలలో ఆయన తొలి ఉద్యోగ సంవత్సరాలు గడిచాయి. రోడ్లు, వంతెనలు, కాలువలు ఆయన చేతిమీదుగా రూపొందాయి. ఏ పని చేపట్టినా ముందుగా కొలవడం, లెక్కించడం, ఖర్చు తూచడం, ఆ తరువాతనే నిర్మాణానికి పూనుకోవడం ఆయన పద్ధతి. ఊహలపై ఆధారపడి ఒక్క రాయి కూడా పేర్చరాదన్నది ఆయన నియమం. ఈ నియమానికి అసలైన పరీక్ష 1894లో సింధు ప్రాంతంలో ఎదురైంది.

నేడు పాకిస్తాన్‌లో ఉన్న సింధు ఆనాడు బొంబాయి రాష్ట్రంలో భాగం. అక్కడ సింధునది గట్టున సుక్కూరు పట్టణం ఉన్నది. వర్షపాతం అత్యల్పం, ఎండ అతి తీవ్రం. పట్టణం ప్రక్కనే మహానది పారుతున్నా ప్రజలకు శుభ్రమైన నీరు లేదు. సింధునది కొండల నుండి మోసుకొని వచ్చే ఒండ్రుమట్టితో నీరు బురదగా ఉండేది. ఆ నీటిని పెద్ద తొట్లలో నిలిపి, ఇసుక పరపులలో వడబోసి సరఫరా చేయడం ఆనాటికి తెలిసిన విధానం. అయితే అందుకు కావలసిన ధనం ఆ పురపాలక సంఘం వద్ద లేదు. ఈ చిక్కుముడిని విప్పే బాధ్యత యువ ఇంజనీరు విశ్వేశ్వరయ్యపై పడింది.

ఇది కేవలం నీటి రంగుకు సంబంధించిన సమస్య కాదు. కలరాను కలిగించే సూక్ష్మజీవిని జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1884లో గుర్తించి, అది నీటి ద్వారా వ్యాపిస్తుందని వివరించాడు. సుక్కూరు పని ప్రారంభం కావడానికి రెండేళ్ళ ముందు, 1892లో, జర్మనీలోని హాంబర్గు నగరాన్ని కలరా కబళించింది. ఎల్బ్ నది నీటిని వడబోయకుండా త్రాగిన ఆ నగరంలో ఎనిమిది వేల మందికి పైగా మరణించారు. దానిని ఆనుకొని ఉన్న ఆల్టోనా పట్టణం కూడ ఆ నది నీటినే వాడుకొన్నది. కాని అక్కడ నీటిని ఇసుకలో నిదానంగా వడబోసేవారు. అందువల్ల ఆ పట్టణం చాలావరకు బ్రతికి బయటపడింది. ఇసుక వడపోత ఎందరి ప్రాణాలు కాపాడగలదో ఈ సంఘటన లోకానికి తెలియజేసింది.

మన పల్లెలలో వేసవి కాలంలో వాగు ఎండిపోయినప్పుడు ప్రజలు ఇసుకలో చెలమ తీస్తారు. చేతితో ఇసుకను తోడితే కొద్దిసేపటికి అడుగున నీరు ఊరుతుంది. మొదట మడ్డిగా ఉన్నా, దానిని ఒకటి రెండుసార్లు చేదివేస్తే స్వచ్ఛమైన నీరు వస్తుంది. పైన ఎండిన వాగు అడుగున ఇంకా పారుతూనే ఉంటుంది. ఆ పారే నీటిని ఇసుకే వడబోస్తుంది. విశ్వేశ్వరయ్య సుక్కూరులో ఈ చెలమ సూత్రాన్నే ఇంజనీరింగు శాస్త్రంగా మలచారు.

నదీగర్భంలో గట్టుకు చేరువగా ఆయన ఒక బావిని దింపించారు. నదిలోని బురదనీరు నేరుగా ఆ బావిలోనికి రాదు. ఇసుక పొరల గుండా నెమ్మదిగా ఊరి వస్తుంది. ఆ ప్రయాణంలో మట్టిరేణువులు ఇసుకలోనే చిక్కుకొనిపోతాయి. ఒక్క బావి ఊట పట్టణానికి చాలదు గనుక, బావి అడుగు నుండి నది క్రిందుగా సొరంగం త్రవ్వించి మరింత ఊటను రాబట్టారు. అలా చేరిన తేటనీటిని యంత్రాలతో సమీపంలోని కొండమీది జలాశయానికి ఎక్కించి, అక్కడి నుండి గొట్టాల ద్వారా పట్టణానికి అందించారు. ఖరీదైన వడపోత తొట్ల అవసరం తీరిపోయింది. 1895లో ఈ పథకం పూర్తయింది. ప్రకృతి ఉచితంగా చేసే పనిని గుర్తించి, దానికి అడ్డురాకుండా ఉపయోగించుకోవడమే ఆ విజయ రహస్యం.

సుక్కూరు తరువాత ఆయన సూరత్‌లో కార్యనిర్వాహక ఇంజనీరుగా కొంతకాలం పనిచేశారు. సూరత్ తపతీ నది సముద్రంలో కలిసే చోటుకు సమీపంలోని నగరం. అక్కడి సమస్య సుక్కూరు సమస్య వంటిది కాదు. ఆనాడు పోటు సమయంలో సముద్రపు నీరు నదిలోనికి ఎదురెక్కి నగరం దాకా వచ్చేది. అటువంటి చోట నీటిని ఎక్కడ తీసుకోవాలి, ఏ లోతున తీసుకోవాలి అన్నది ఎంతో జాగ్రత్తతో తేల్చవలసిన విషయం. ఏలనగా ఇసుక బురదను ఆపగలదు, రోగక్రిములను చాలావరకు ఆపగలదు, కాని నీటిలో కరిగిన ఉప్పును ఆపలేదు. ఒకసారి ఉప్పునీరు చేరిన బావిని ఇసుక వడపోత బాగుచేయలేదు.

తీరప్రాంత భూగర్భజలానికి ఉన్న ఈ ప్రత్యేక ప్రమాదాన్ని అదే కాలంలో ఐరోపా శాస్త్రజ్ఞులు ఇద్దరు విడివిడిగా వివరించారు. హాలెండుకు చెందిన బాడన్ గైబన్ 1889లోను, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ 1901లోను ఒకే సూత్రాన్ని కనుగొన్నారు. తీపినీటి కంటె ఉప్పునీరు కొంచెం బరువైనది. ఒక ఘనపరిమాణం తీపినీరు 1000 పాళ్ళు తూగితే, అంతే సముద్రజలం దాదాపు 1025 పాళ్ళు తూగుతుంది. అందువల్ల తీరాన నేలలో ఇంకిన వాననీరు అడుగునున్న ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు ఎత్తున తీపినీరు నిలిచి ఉంటే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల మందాన తీపినీరు ఉంటుంది.

ఈ లెక్కలో వరమూ ఉన్నది, శాపమూ ఉన్నది. పైన కొద్దిపాటి ఎత్తున నీరు నిలిస్తే అడుగున పెద్ద నిధి ఏర్పడటం వరం. బావులలో నీటిని అతిగా తోడి ఆ మట్టాన్ని ఒక మీటరు తగ్గిస్తే, క్రిందనున్న ఉప్పునీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి రావడానికి దారి ఏర్పడటం శాపం. తోడేవారి కంటికి తగ్గినది ఒక్క మీటరే. పోయినది మాత్రం నలభై మీటర్ల సంపద. చేరిన ఉప్పు మరల తొలగిపోవాలంటే ఎన్నో సంవత్సరాల వానలు ఇంకాలి. నది, చెరువు ఎండితే ఒక మంచి వానకాలం వాటిని నింపగలదు. ఉప్పెక్కిన భూగర్భాన్ని ఒక వానకాలం బాగుచేయలేదు.

1898లో విశ్వేశ్వరయ్య జపాను దేశాన్ని సందర్శించి అక్కడి విద్య, పరిశ్రమలు సాధించిన అభివృద్ధిని పరిశీలించారు. 1899 తరువాత పూనా ప్రాంతంలో సాగునీటి పంపిణీకి కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు. గ్రామాల పొలాలను ఖండాలుగా విభజించి, పంటల మార్పిడి అనుసరించి వంతుల వారీగా నీరు ఇచ్చే ఆ విధానం వల్ల నీటి దుబారా తగ్గింది. ఖడక్వాస్లా జలాశయంలో వరద వచ్చినప్పుడు వాటంతట అవే తెరచుకొని, వరద తగ్గగానే మూసుకొనే తలుపులను 1903లో అమర్చారు. ఆయన రూపొందించిన ఆ తలుపులు ఎంతో ఖ్యాతి తెచ్చిపెట్టాయి. అనంతరం ఆయన బొంబాయి ప్రభుత్వానికి పారిశుధ్య ఇంజనీరుగా నియమితులై, అనేక పట్టణాల మంచినీటి, మురుగునీటి పథకాలను తీర్చిదిద్దారు.

ఆ హోదాలోనే 1906లో ఆయన ఏడెన్ వెళ్ళవలసి వచ్చింది. అరేబియా ద్వీపకల్పపు దక్షిణ తీరాన, నేటి యెమెన్ దేశంలో ఉన్న ఏడెన్ ఆనాడు బొంబాయి ప్రభుత్వ పాలనలో ఉండేది. 1869లో సూయజ్ కాలువ తెరచిన తరువాత ఐరోపా, భారతదేశాల మధ్య తిరిగే ఓడలకు అది ముఖ్యమైన మజిలీ అయినది. ఓడలకు బొగ్గు, సైనికులకు వసతి, వర్తకులకు గిడ్డంగులు అన్నీ అక్కడ సమకూరాయి. సమకూరనిది మంచినీరు ఒక్కటే.

ఏడెన్ ఆరిపోయిన అగ్నిపర్వతపు కొండల నడుమ వెలసిన పట్టణం. అక్కడ వాన పడటమే అరుదు. ఎప్పుడో కురిసే వానను నిలిపేందుకు పూర్వీకులు కొండచరియలలో రాతి తొట్లు నిర్మించారు. వానలు లేని సంవత్సరాలలో అవి ఎండిపోయేవి. పట్టణ పరిసరాల బావులలోని నీరు ఉప్పగా ఉండేది. చివరకు సముద్రజలాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి త్రాగునీరు తయారుచేసేవారు. ఆ నీటికి బొగ్గు కావాలి. బొగ్గు ఓడలపై రావాలి. ధర చెల్లించగలవారికి నీరు దొరికేది. పేదవారికి ఉప్పునీరే గతి. చుట్టూ సముద్రం ఉన్న పట్టణంలో దాహం ధనాన్ని బట్టి తీరే దుస్థితి అది. దీనికి తోడు మురుగునీరు పోయే మార్గం సరిగా లేక పారిశుధ్యం కూడ దెబ్బతిన్నది.

విశ్వేశ్వరయ్య పట్టణంలో కూర్చొని సమస్యను పరిష్కరించలేదు. పరిసర ప్రాంతాలను పరిశీలించి, నీటి జాడ కోసం ఉత్తర దిక్కుగా దృష్టి సారించారు. ఏడెన్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో లహెజ్ అనే ప్రాంతం ఉన్నది. దానికి ఆవలనున్న పర్వతాలపై చెప్పుకోదగిన వాన కురుస్తుంది. ఆ వాననీరు ఏటిపాయలుగా దిగివచ్చి, సముద్రాన్ని చేరకముందే ఇసుకలో ఇంకిపోతుంది. పైకి చూసేవారికి అది ఎండిన ఏరు. చెలమ సూత్రం ఎరిగిన వారికి అది అడుగున పారే నది. ఆ ఏటి గర్భంలో బావి త్రవ్వి, ఇసుకలో వడిసి ఊరే నీటిని యంత్రాలతో తోడి గొట్టాల ద్వారా ఏడెన్‌కు తీసుకొని పోవచ్చునని ఆయన ప్రభుత్వానికి నివేదించారు. పట్టణపు మురుగును భూమిలో పాతిన గొట్టాల ద్వారా తరలించే పథకాన్ని కూడ దానితో పాటు సమర్పించారు.

ఈ సూచనలోని వివేకం గమనింపదగినది. ఏడెన్ తీరాన బావుల సంఖ్య పెంచితే ఉప్పునీరే ఎక్కువగా వస్తుంది. అందుచేత సముద్రానికి దూరంగా, వాననీరు నేలలోనికి ఇంకే చోటనే నీటిని పట్టుకోవాలని ఆయన నిర్ణయించారు. నీరు ఎక్కడ పుడుతున్నది, ఏ దారిన వస్తున్నది, ఎక్కడ చెడుతున్నది అని మూలం నుండి గమనించడం ఆయన దృష్టిలోని విశిష్టత. మంచినీటి పథకాన్ని, మురుగు పథకాన్ని జంటగా చూడటం మరొక విశిష్టత. పట్టణానికి నీరు పెరిగితే మురుగు కూడ పెరుగుతుంది. దానికి దారి చూపకపోతే అది నేలలో ఇంకి మరల బావులలోనికే చేరుతుంది. ఒక చేత్తో ఇచ్చిన ఆరోగ్యాన్ని మరొక చేత్తో తీసివేసినట్లవుతుంది.

ఇంతటి సేవ చేసినా ఆ కాలపు పరాయి పాలనలో ఆయన ఎదుగుదలకు హద్దు ఉండేది. ప్రధాన ఇంజనీరు పదవి ఆంగ్లేయులకే దక్కే రోజులవి. ఎంతోమంది సీనియర్లను దాటి పదోన్నతి పొందిన విశ్వేశ్వరయ్యకు ఈ సంగతి స్పష్టంగా తెలుసు. ఎవరితోను వాదులాడక, తన అర్హతను చిన్నబుచ్చుకోక, 1908లో ఆయన ఉద్యోగ విరమణ కోరి విదేశ పర్యటనకు బయలుదేరారు. ఆయన పర్యటనలో ఉండగానే నిజాం ప్రభుత్వం నుండి పిలుపు వచ్చింది.

1908 సెప్టెంబర్ 28న మూసీనదికి వచ్చిన మహావరద హైదరాబాదును ముంచివేసింది. వేలాది ప్రజలు మరణించారు. 1909లో విశ్వేశ్వరయ్య హైదరాబాదు చేరి, పరీవాహక ప్రాంతమంతటా వర్షపాతం వివరాలు, తెగిన చెరువుల వివరాలు సేకరించి పరిశీలించారు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు నిర్మించి వరదను నిలపాలని సూచించారు. ఆ సూచన ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ రూపుదాల్చాయి. ప్రాణాలు తీసిన నీరు దశాబ్దాల పాటు నగరానికి త్రాగునీరైనది. ఇక్కడ కూడ ఆయన వరదతో ఆగిపోలేదు. భూగర్భ మురుగు కాలువల పథకాన్ని కూడ నగరానికి రూపొందించి ఇచ్చారు.

1909లో మైసూరు ప్రధాన ఇంజనీరుగా, 1912లో దివానుగా ఆయన బాధ్యతలు స్వీకరించారు. కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణం 1911లో ఆరంభమైనది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల ఆయన కృషితో వెలిశాయి. 1918లో ప్రభుత్వ విధానంపై అభిప్రాయ భేదం కలిగినప్పుడు పదవిని పట్టుకొని వేలాడక రాజీనామా చేశారు. ఆ తరువాత కూడ ఆయన విశ్రాంతి ఎరుగరు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ అవసరమని వివరిస్తూ గ్రంథం ప్రచురించారు. 1937లో ఒడిషా తీరంలోని డెల్టా వరదలను పరిశీలించి, మహానది జలాలను ఎగువన నిలిపే జలాశయాల ఆవశ్యకతను తెలియజేశారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న పురస్కారంతో గౌరవించింది. నూరేండ్ల నిండు జీవితం గడిపి 1962 ఏప్రిల్ నెలలో ఆయన కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

విశ్వేశ్వరయ్య నదుల ఇసుకలో ఉపయోగించిన సూత్రాన్ని తెలుగు తీరంలోని రైతులు తమ అనుభవంతో ఎప్పటి నుండో ఎరుగుదురు. బాపట్ల, ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల తీరపు ఇసుక నేలలలో రైతులు లోతులేని గుంటలు త్రవ్వుతారు. వాటిని దొరువులు అంటారు. ఇసుకలో ఇంకిన వాననీరు అందులో ఊరుతుంది. దానిని కడవలతో ముంచి నారుమళ్ళకు, కూరగాయలకు పోస్తారు. దొరువు లోతుగా ఉండకపోవడంలోనే దాని తెలివి ఉన్నది. పైన తేలే తీపినీటిని మాత్రమే అది తీసుకుంటుంది, అడుగునున్న ఉప్పునీటిని కదలించదు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ పద్ధతిని మెరుగుపరచారు. కొద్ది మీటర్ల లోతున ఇసుకలో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరచి, వాటి ద్వారా ఊరే నీటిని మధ్యనున్న బావికి చేర్చే విధానాన్ని రైతులకు అందించారు. సుక్కూరులో నది క్రింద త్రవ్విన సొరంగానికి, ఈ గొట్టాలకు రూపం వేరైనా సూత్రం ఒక్కటే. నీటిని ఒకేచోట లోతు నుండి బలవంతంగా లాగరాదు. విశాలంగా, నిదానంగా ఊరనివ్వాలి.

దీనికి భిన్నంగా లోతైన గొట్టపుబావులు వేసి, శక్తివంతమైన మోటార్లతో పగలూ రాత్రీ తోడినచోట నీరు చప్పదనం కోల్పోయి ఉప్పగా మారుతున్నది. కృష్ణా, గోదావరి డెల్టాలలో సముద్రానికి చేరువనున్న అనేక గ్రామాల ప్రజలకు ఈ అనుభవం ఉన్నది. సముద్రం సహజంగా తెచ్చిన ఉప్పుకు తోడు, రొయ్యల చెరువులలో నిలిపిన ఉప్పునీరు ఇంకడం వల్ల కొన్నిచోట్ల ఇరుగుపొరుగు బావులు, పొలాలు చెడిపోతున్నాయి. భూగర్భజలాన్ని ఇష్టానుసారం తోడటాన్ని అదుపు చేయడానికి 2002లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టాన్ని తీసుకొని వచ్చింది. చట్టం హద్దును నిర్ణయించగలదు. ఆ హద్దును పాటించవలసినది నీటిని తోడే ప్రతి మనిషి.

విశ్వేశ్వరయ్య జీవితంలో ఈ విషయమై నేర్చుకోదగిన గుణాలు మూడు కనిపిస్తాయి. మొదటిది కొలత. నీరు ఎంత ఇంకుతున్నదో తెలియకుండా ఎంత తోడవచ్చునో చెప్పడం సాధ్యం కాదు. రెండవది మితం. ప్రకృతి ఇచ్చే ఊటకు లోబడి పథకాన్ని రూపొందించాలే గాని, పథకానికి లోబడి ఊట పెరగదు. మూడవది సమదృష్టి. ధనం లేని సుక్కూరుకు, ధనమున్నవారికే నీరు దొరికే ఏడెన్‌కు, వరదలో నలిగిన హైదరాబాదుకు ఆయన ఒకే శ్రద్ధతో పనిచేశారు. నీరు అందరికీ అందాలన్న సంకల్పమే ఆయన శాస్త్రజ్ఞానానికి సార్థకత కలిగించింది.

ఆనకట్టలో నిలిచిన నీరు అందరి కంటికీ కనబడుతుంది. తగ్గితే అందరూ ఆందోళన చెందుతారు. నేల అడుగున ఉన్న నీరు కనబడదు. అది తరిగిపోయినా, ఉప్పెక్కినా చివరి చేద పైకి వచ్చేవరకు ఎవరికీ తెలియదు. కనబడని ఆ నిధిని బుద్ధితో చూసి, లెక్కతో కాపాడి, నలుగురికీ పంచిన వారిలో విశ్వేశ్వరయ్య అగ్రగణ్యులు. తరువాతి తరానికి కూడ ఇసుక అడుగున తీపినీరు మిగల్చడమే ఆ మహనీయునికి సముద్రతీర ప్రజలు అర్పించగల నిజమైన నివాళి.